అడ్రినలిన్: ఎప్పుడు? ఎంత? ఎక్కడ?

మీరు బడి నుంచి ఇంటికి వస్తున్నారు. సందు మలుపు తిరగగానే ఒక కుక్క మొరుగుతూ మీదికి వచ్చింది. ఆ క్షణంలో మీ ఒంట్లో ఏమేమి జరుగుతాయో ఎప్పుడైనా గమనించారా? గుండె దడదడా కొట్టుకుంటుంది. నోరు ఎండిపోతుంది. అరచేతులు చల్లబడి చెమట పడతాయి. ఊపిరి వేగం అందుకుంటుంది. మామూలుగా దూకలేని గోడను కూడా ఆ నిమిషంలో దూకేస్తారు! కుక్క వెళ్ళిపోయిన తరువాత కూడా కాసేపు కాళ్ళు వణుకుతూనే ఉంటాయి.

ఈ మార్పులకు కారణమైన పదార్థాలలో ముఖ్యమైనది అడ్రినలిన్. దీనికే ఎపినెఫ్రిన్ అని మరో పేరు. మన శరీరమే దీన్ని తయారు చేసుకుంటుంది.

ఇదే పదార్థం చిన్న గాజు ఆంప్యూలులో మందుగా కూడా దొరుకుతుంది. మెదక్ జిల్లాలో నర్సాపూర్‌కూ తూప్రాన్‌కూ నడుమ ఉన్న శివ్వంపేట వంటి మండల కేంద్రంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళితే, అత్యవసర మందుల పళ్ళెంలో తప్పనిసరిగా ఉండవలసిన మందు ఇది. ఆ ఆంప్యూలులో ఉండేది ఒక మిల్లీలీటరు ద్రవం. అంటే సుమారు ఇరవై చుక్కలు. ప్రాణం పోతున్న మనిషిని ఆ చుక్కలు కొద్ది నిమిషాల్లో వెనక్కి తీసుకురాగలవు. అవే చుక్కలు తప్పు మోతాదులో, తప్పు చోట పడితే ఆరోగ్యంగా ఉన్న గుండెను కూడా చిందరవందర చేయగలవు.

కనుక ఈ మందును చేతిలోకి తీసుకున్నవారు మూడు ప్రశ్నలకు జవాబు తెలుసుకొని ఉండాలి. ఎప్పుడు? ఎంత? ఎక్కడ? ఆ మూడు ప్రశ్నల వెనుక ఉన్న విజ్ఞానమే ఈ నెల మన పాఠం.

మూత్రపిండాల మీది టోపీలు

మన వెన్నెముకకు రెండు పక్కలా మూత్రపిండాలు ఉన్నాయి కదా! ఒక్కొక్క మూత్రపిండం నెత్తి మీద టోపీ పెట్టినట్లు ఒక చిన్న గ్రంథి ఉంటుంది. బరువు నాలుగైదు గ్రాములు మాత్రమే. వీటిని అధివృక్క గ్రంథులు అంటారు. 'వృక్కం' అంటే మూత్రపిండం, 'అధి' అంటే పైన. లాటిన్ భాషలో 'అడ్ రీనల్' అన్నా, గ్రీకు భాషలో 'ఎపి నెఫ్రాస్' అన్నా దాదాపు ఇదే అర్థం వస్తుంది. ఒకే పదార్థానికి రెండు పేర్లు ఎందుకు వచ్చాయో తెలిసింది కదూ!

1894 ప్రాంతంలో జార్జ్ ఆలివర్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఈ గ్రంథుల సారాన్ని తీసుకొని లండన్‌లోని ఎడ్వర్డ్ షేఫర్ అనే శాస్త్రవేత్త దగ్గరకు వెళ్ళాడు. ఆ సారాన్ని ఒక కుక్క రక్తనాళంలోకి ఎక్కించి చూశారు. రక్తపుపోటును కొలిచే గొట్టంలో పాదరసం చూస్తుండగానే పైపైకి ఎగబాకింది! ఈ సారంలో ఎంతో బలమైన పదార్థం ఏదో ఉందని ఇద్దరికీ అర్థమైంది. అమెరికాలో జాన్ జేకబ్ ఏబెల్ దాన్ని వేరు చేయడానికి ప్రయత్నించి ఎపినెఫ్రిన్ అని పేరు పెట్టాడు. జపాను దేశస్థుడు జోకిచి తకమినే దాన్ని స్ఫటికాల రూపంలో సాధించి, 1901లో అడ్రినలిన్ పేరుతో ప్రకటించాడు. 1904లో జర్మనీలో ఫ్రీడ్రిక్ స్టోల్జ్ దాన్ని ప్రయోగశాలలోనే తయారు చేశాడు. అప్పటి నుంచి జంతువుల గ్రంథుల అవసరం లేకుండానే ఈ మందును చేసుకోవడం సాధ్యమైంది.

ఇంతకీ ఇది చేసే పని ఏమిటి? ముఖ్యంగా మూడు. ఒకటి, చర్మంలోని, పొట్టలోని చిన్న రక్తనాళాలను ముడిచి, రక్తపుపోటు పెంచుతుంది. రెండు, ఊపిరితిత్తులలోని శ్వాసనాళికలను వదులు చేసి గాలికి దారి ఇస్తుంది. మూడు, గుండె వేగాన్నీ బలాన్నీ పెంచుతుంది. ఈ మూడు పనులను గుర్తుంచుకోండి. ఇక చెప్పబోయేదంతా వీటి మీదనే నడుస్తుంది.

కాపలావాడే ఇల్లు తగలబెడితే

మన ఒంట్లోకి క్రిములు ప్రవేశిస్తే వాటితో పోరాడే రక్షణ వ్యవస్థ ఒకటి ఉందని మీకు తెలుసు. ఈ వ్యవస్థ ఒక్కొక్కప్పుడు పొరబడుతుంది. తేనెటీగ విషాన్నో, వేరుశనగ గింజనో, పెన్సిలిన్ సూదిమందునో చూసి, కొంపలు మునిగినట్లు చెలరేగిపోతుంది. దొంగను పట్టుకోవడానికి కాపలావాడు ఇల్లే తగలబెట్టినట్లన్నమాట!

ఈ సంగతి మొదట బయటపడింది ఫ్రాన్సులో. పాల్ పోర్టియే, షార్ల్ రిషే అనే శాస్త్రవేత్తలు సముద్రపు జీవుల విషం మీద ప్రయోగాలు చేస్తున్నారు. కుక్కకు కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తే దానికి విషాన్ని తట్టుకునే శక్తి వస్తుందని వారి ఆశ. జరిగింది వేరు. మొదటిసారి ఏ హానీ కలగని కుక్క, కొన్ని వారాల తరువాత అంతే మోతాదు ఇవ్వగానే కొద్దిసేపట్లో చచ్చిపోయింది. రక్షణకు బదులు దాని వ్యతిరేకం జరిగిందని, 1902లో దీనికి 'ఎనఫిలాక్సిస్' అని పేరు పెట్టారు. రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఎనఫిలాక్సిస్‌లో ఒంట్లోని కొన్ని కణాలు పగిలినట్లై హిస్టమిన్ మొదలైన రసాయనాలను ఒక్కుమ్మడిగా కుమ్మరిస్తాయి. రక్తనాళాలు వదులై, వాటి గోడల నుంచి నీరు కారిపోతుంది. రక్తపుపోటు కూలిపోతుంది. శ్వాసనాళికలు బిగుసుకుపోతాయి. గొంతు వాస్తుంది.

ఇప్పుడు అడ్రినలిన్ చేసే మూడు పనులను పక్కన పెట్టి పోల్చండి. వదులైన నాళాలను ముడుస్తుంది. బిగిసిన శ్వాసనాళికలను వదులు చేస్తుంది. నీరసించిన గుండెకు బలమిస్తుంది. పైగా రసాయనాలను కుమ్మరించే కణాలను కూడా అదుపు చేస్తుంది. తాళానికి తాళపుచెవి లాగా సరిపోయింది కదా! అందుకే ఈ ప్రమాదంలో మొట్టమొదట ఇవ్వవలసిన మందు ఇదే.

శివ్వంపేటలో జరిగిందనుకుందాం

వరికోతల కాలం. శివ్వంపేట దగ్గరి పొలంలో ఒక రైతును రక్తపింజర కాటేసిందనుకుందాం. మంత్రాలకూ పసర్లకూ పోకుండా ఆయనను వెంటనే ఆరోగ్య కేంద్రానికి తెచ్చారు. మంచి పని చేశారు. పాము విషానికి విరుగుడు మందును సెలైన్‌లో కలిపి ఎక్కించడం మొదలుపెట్టారు.

ఈ విరుగుడు మందు ఎలా తయారవుతుంది? మన దేశంలో ప్రాణాలు తీసే నాలుగు ముఖ్యమైన పాముల విషాన్ని, అంటే నాగుపాము, కట్లపాము, రక్తపింజర, పొలుసులు రుద్దుకొని బుసకొట్టే చిన్న పింజరల విషాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. గుర్రాల రక్తంలో విషాన్ని అణచే పదార్థాలు పుడతాయి. వాటిని శుద్ధి చేసి సీసాల్లో నింపుతారు. పాముకాటుకు అసలైన మందు ఇదే. కాని ఇది గుర్రం నుంచి వచ్చిన ప్రోటీను. మన రక్షణ వ్యవస్థకు పరాయిది. కొందరిలో అది ఎనఫిలాక్సిస్ తెప్పించగలదు.

పది నిమిషాలు గడిచాయి. "సిస్టరమ్మా, ఒళ్ళంతా దురద పెడుతున్నది" అన్నాడు రైతు. ఛాతీ మీద దద్దుర్లు లేచాయి. ఊపిరిలో పిల్లికూతలు వినిపించాయి. నాడి వేగంగా, సన్నగా ఉంది. సిస్టరు వెంటనే విరుగుడు మందును ఆపింది. పక్క పళ్ళెంలో సిద్ధంగా ఉంచిన అడ్రినలిన్ సిరంజిని అందుకుంది.

ఇక్కడ ఒక మాట గమనించండి. ఆ సిరంజి 'సిద్ధంగా' ఉంది. విరుగుడు మందు మొదలు పెట్టడానికి ముందే అడ్రినలిన్‌ను సిరంజిలోకి తీసి, పేరు రాసి పక్కన పెట్టుకోవాలన్నది నియమం. ప్రమాదం వచ్చాక బీరువా తాళంచెవి కోసం వెతికితే లాభం లేదు.

పరిస్థితి కుదుటపడ్డాక విరుగుడు మందును మళ్ళీ నెమ్మదిగా మొదలు పెడతారు. పాము విషం ఒంట్లో ఇంకా ఉంది కదా! అడ్రినలిన్ తెలిసినవారు ఉన్నందువల్లనే ఆ రైతుకు పాము మందు పూర్తిగా అందింది.

మన పొరుగున శ్రీలంకలో 1007 మంది పాముకాటు రోగుల మీద జరిపిన పరిశోధన 2011లో వెలువడింది. విరుగుడు మందుకు ముందుగానే చాలా కొద్ది అడ్రినలిన్, అంటే పావు మిల్లీగ్రాము, చర్మం కింద ఇస్తే, మొదటి గంటలో వచ్చే తీవ్రమైన ప్రమాదాలు 43 శాతం తగ్గాయని తేలింది.

ఎప్పుడు?

మొదటి ప్రశ్నకు జవాబు: ఎనఫిలాక్సిస్ అని గుర్తించగానే. ఆలస్యం చేయకూడదు.

ఇంగ్లండులో పంఫ్రీ అనే వైద్యుడు ఎనఫిలాక్సిస్ వల్ల చనిపోయినవారి వివరాలను పరిశీలించి 2000లో ప్రచురించాడు. గుండె ఆగడానికి పట్టిన కాలపు మధ్యగతం ఎంతో తెలుసా? సూదిమందుల వల్ల అయితే 5 నిమిషాలు. తేనెటీగల వంటి కీటకాలు కుట్టడం వల్ల 15 నిమిషాలు. తిండి పదార్థాల వల్ల 30 నిమిషాలు. అంతే వ్యవధి!

కాని కొన్నిచోట్ల ఒక అలవాటు ఉంది. అడ్రినలిన్ అంటే భయపడి, ముందు ఎలర్జీ మందులు ఇచ్చి చూద్దాం అనుకుంటారు. ఎలర్జీ మందు దురదనూ దద్దుర్లనూ తగ్గిస్తుంది. కూలిపోతున్న రక్తపుపోటును అది నిలబెట్టలేదు. బిగిసిన శ్వాసనాళికలను తెరవలేదు. స్టిరాయిడ్ మందు పనిచేయడానికి గంటలు పడుతుంది. కనుక అవి తరువాత ఇవ్వవలసినవి. ముందు ఇవ్వవలసినది అడ్రినలిన్.

అలాగని తూలిన ప్రతివారికీ ఇది ఇవ్వకూడదు. సూది చూడగానే భయంతో సొమ్మసిల్లేవాళ్ళు ఉంటారు. వాళ్ళ ముఖం పాలిపోతుంది, నాడి నెమ్మదిస్తుంది, పడుకోబెట్టగానే తేరుకుంటారు. ఎనఫిలాక్సిస్‌లో సాధారణంగా నాడి వేగంగా, బలహీనంగా ఉంటుంది. దద్దుర్లు, వాపు, ఆయాసం, వాంతులు వంటివి తోడవుతాయి. ఈ తేడాను గుర్తించడమే వైద్య సిబ్బంది నేర్చుకొనే మొదటి పాఠం. 2021లో కోవిడ్ టీకా వేసిన తరువాత అందరినీ అరగంట అక్కడే కూర్చోబెట్టారు. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు!

ఎంత?

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. మన ఆంప్యూలు మీద 1:1000 అని రాసి ఉంటుంది. అంటే 1000 మిల్లీలీటర్లలో 1 గ్రాము మందు ఉందని అర్థం. 1 గ్రాము అంటే 1000 మిల్లీగ్రాములు. 1000 మిల్లీలీటర్లలో 1000 మిల్లీగ్రాములు. కనుక 1 మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము.

ఎనఫిలాక్సిస్‌లో పెద్దవారికి ఇచ్చేది అర మిల్లీగ్రాము, అంటే అర మిల్లీలీటరు. పిల్లలకు బరువును బట్టి, కిలోగ్రాముకు 0.01 మిల్లీగ్రాము. ఇరవై కిలోల పిల్లవాడికి 0.2 మిల్లీగ్రాము. ఎంత కొద్దిగానో చూశారా! నాలుగు చుక్కలు. ఇంత చిన్న కొలతను పెద్ద సిరంజితో తీయలేం. గీతలు దగ్గరదగ్గరగా ఉండే ఒక మిల్లీలీటరు సిరంజి కావాలి. అయిదు నిమిషాలైనా గుణం కనపడకపోతే అదే మోతాదు మళ్ళీ ఇస్తారు. ఒంట్లో అడ్రినలిన్ త్వరగా విరిగిపోతుంది కనుక ఇలా మళ్ళీ ఇవ్వవలసి రావచ్చు.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. గుండె ఆగిపోయినప్పుడు వాడటానికి పదింతలు పలుచన చేసిన అడ్రినలిన్ కూడా ఉంటుంది. దాని మీద 1:10,000 అని రాస్తారు. రాత్రివేళ, కంగారులో, ఒక సున్నా కనపడకపోతే ఏమవుతుంది? మోతాదు పదింతలు అవుతుంది, లేదా పదోవంతు అవుతుంది! ఈ రెండు అంకెలను ఒకదానికొకటిగా పొరబడి అనేక దేశాల్లో ప్రమాదాలు జరిగాయి. అందుకే 2016లో అమెరికాలో ఈ నిష్పత్తిని మందు పేరుపట్టీ నుంచి తీసివేసి, ఒక మిల్లీలీటరులో ఎన్ని మిల్లీగ్రాములో మాత్రమే రాసేలా నియమం పెట్టారు.

దీని నుంచి మనం నేర్చుకోవలసినదేమిటి? మోతాదును ఎప్పుడూ మిల్లీగ్రాములలో చెప్పాలి. ఒకరు ఆంప్యూలు మీది అక్షరాలు పైకి చదవాలి, మరొకరు విని సరిచూడాలి. లెక్కల పరీక్షలో ఒక సున్నా పోతే ఒక మార్కు పోతుంది. ఇక్కడ పోయేది ప్రాణం.

ఎక్కడ?

ఎనఫిలాక్సిస్‌లో అడ్రినలిన్‌ను తొడ బయటివైపు, మధ్యభాగంలో, కండరంలోకి ఇస్తారు. చర్మం కింద ఎందుకు ఇవ్వరు? ఈ చిక్కుప్రశ్నకు జవాబు మీకు ముందే చెప్పాను. అడ్రినలిన్ చర్మంలోని రక్తనాళాలను ముడుస్తుందని అనుకున్నాం కదా! చర్మం కింద ఇస్తే, తాను లోపలికి పోవలసిన తలుపును తానే మూసుకుంటుంది. తొడ కండరంలో రక్తనాళాలు ఎక్కువ. పైగా కండరాల నాళాలను అడ్రినలిన్ అలా బిగించదు.

ఇది ఊహ మాత్రమే కాదు. కెనడాలో ఎస్టెల్ సైమన్స్ అనే వైద్యురాలు పిల్లలలో కొలిచి చూసి 1998లో ప్రకటించింది. తొడ కండరంలో ఇచ్చినప్పుడు రక్తంలో అడ్రినలిన్ అత్యధిక స్థాయికి చేరడానికి పట్టిన కాలం సుమారు 8 నిమిషాలు. చర్మం కింద ఇచ్చినప్పుడు సుమారు 34 నిమిషాలు! పంఫ్రీ చెప్పిన 5, 15, 30 నిమిషాలను గుర్తుకు తెచ్చుకోండి. 34 నిమిషాలు ఎవరు ఆగగలరు? శ్రీలంకలో ముందుజాగ్రత్తగా ఇచ్చినప్పుడు తొందర లేదు కనుక చర్మం కింద ఇచ్చారు. పని వేరు, దారి వేరు.

అలాగైతే ఇంకా త్వరగా చేరేటట్లు నేరుగా రక్తనాళంలోకే ఇవ్వకూడదా? ఇది మంచి ప్రశ్న. జవాబు కోసం మనం హైదరాబాదు వెళ్ళాలి.

హైదరాబాదు క్లోరోఫారం కథ

1847లో ఎడింబరో వైద్యుడు జేమ్స్ సింప్సన్ క్లోరోఫారంతో మత్తు ఇవ్వవచ్చునని చూపాడు. మరుసటి సంవత్సరమే ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ అమ్మాయి, కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి, రెండు మూడు నిమిషాల్లో చనిపోయింది. ఆ అమ్మాయి ఎంతో భయపడుతూ ఆ కుర్చీలో కూర్చుంది. తరువాత ఇలాంటి మరణాలు ఎన్నో జరిగాయి. ఆగిపోయింది ఊపిరా, గుండెనా? వైద్యులు రెండు పక్షాలుగా చీలిపోయారు.

హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడు వైద్య పాఠశాలకు అధిపతిగా ఉండేవాడు. నిజాం ప్రభుత్వం సహాయంతో ఆయన 1888లో ఒకటి, 1889లో మరొకటి, రెండు క్లోరోఫారం కమిషన్లు నడిపాడు. శివ్వంపేట ప్రాంతం కూడా అప్పుడు ఆ రాజ్యంలోనిదే. రెండో కమిషన్‌కు లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే ప్రముఖుణ్ణి రప్పించడానికి నిజాం వెయ్యి పౌన్లు ఇచ్చాడు. వందలాది జంతువులపై ప్రయోగాలు జరిగాయి. ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలు, క్లోరోఫారం గుండెను నేరుగా ఆపదు అని తేల్చారు. ప్రపంచమంతా ఆ మాట మారుమోగింది.

కాని ఆ మాట పూర్తిగా నిజం కాదు. 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు పిల్లులకు క్లోరోఫారం కొద్దిగా, పైపైన మత్తు వచ్చేటంత మాత్రమే ఇచ్చి, ఆ స్థితిలో కొంచెం అడ్రినలిన్‌ను రక్తనాళంలోకి ఎక్కించాడు. గుండె ఒక్కసారిగా లయ తప్పింది. గుండె కండరం సంచిలో పురుగులు కదిలినట్లు అదిరిందే గాని రక్తాన్ని నెట్టలేకపోయింది. పిల్లులు చనిపోయాయి. హైదరాబాదు ప్రయోగాలకు అందనిది ఇదే. మత్తు నిండుగా పట్టకముందు, భయంతో ఉన్న మనిషి ఒంట్లో తన అడ్రినలిన్ తానే పొంగుతుంది. క్లోరోఫారం తాకిన గుండె దాన్ని తట్టుకోలేదు.

క్లోరోఫారం కాలం ఎన్నడో పోయింది. పాఠం మాత్రం నిలిచింది. అడ్రినలిన్ ఒక్కసారిగా గుండెను చేరితే ప్రమాదం. చెరువు నీళ్ళు అవే. తూము ద్వారా వస్తే పైరు పండుతుంది, కట్టకు గండి పడితే పైరు కొట్టుకుపోతుంది. కండరం తూము లాంటిది. అందుకే రక్తనాళంలోకి ఇవ్వడం తర్ఫీదు పొందిన వైద్యులు, గుండె లయను యంత్రంపై చూస్తూ, బాగా పలుచన చేసి, నెమ్మదిగా చేసే పని.

దీనికి ఒక మినహాయింపు ఉంది. గుండె పూర్తిగా ఆగిపోతే ఒక మిల్లీగ్రామును నేరుగా సిరలోకే ఇస్తారు. ఎందుకంటే అప్పుడు కండరంలో రక్తం పారడమే లేదు, అక్కడ ఇచ్చిన మందు అక్కడే ఉండిపోతుంది. ఛాతీని నొక్కుతూ ఉంటేనే సిరలోని మందైనా గుండెను చేరుతుంది.

తేలు సంగతి వేరు

మన పల్లెల్లో ఎర్రతేలు కుడితే కూడా ఒళ్ళు చల్లబడి, చెమటలు పట్టి, గుండె దడ పుడుతుంది. చూడటానికి ఇదీ అపాయమే కనుక అడ్రినలిన్ ఇవ్వవచ్చునా? ఇవ్వకూడదు! ఎర్రతేలు విషం మన నరాల నుంచి, అధివృక్క గ్రంథుల నుంచి అడ్రినలిన్ వంటి రసాయనాలను అప్పటికే వరదలా పారిస్తుంది. అక్కడ కావలసినది వాటిని అణచే మందు. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్ళో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రాజోసిన్ అనే మందుతో ఎందరినో బతికించి ఈ సంగతి లోకానికి చాటాడు. అపాయం ఏదో తెలియకుండా మందు తీయరాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఆంప్యూలునూ కాపాడాలి

కోసిన వంకాయ ముక్క గాలి తగిలి నల్లబడటం మీరు చూసే ఉంటారు. అడ్రినలిన్ కూడా గాలికీ వెలుతురుకూ వేడికీ అలాగే చెడుతుంది. మొదట లేత గులాబి రంగు, తరువాత గోధుమ రంగు వస్తుంది. అలా రంగు మారినదాన్ని వాడకూడదు. వెలుతురు తగలకుండా, 25 డిగ్రీలకు మించని చోట ఉంచాలి. మెదక్ ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి కదా! కిటికీ పక్కన పెట్టిన ఆంప్యూలు అవసరానికి ఆదుకోకపోవచ్చు. నెలకొకసారి రంగునూ గడువు తేదీనీ చూసి మార్చేవారు కూడా ప్రాణదాతలే.

మీరు చేయగలిగినది

సూది వేయడం మీ పని కాదు. అది నేర్చుకున్నవారే చేయాలి. కాని ఆ సూది అందేదాకా మనిషిని కాపాడటం మీ చేతుల్లో ఉంది.

కందిరీగో తేనెటీగో కుట్టిన తరువాత, కొత్త మందు వేసుకున్న తరువాత, ఏదైనా తిన్న తరువాత ఎవరికైనా ఒళ్ళంతా దద్దుర్లు, పెదవుల వాపు, గొంతు బొంగురు, పిల్లికూతలు, తల తిరగడం, ఆగని వాంతులు కనపడితే ఆలస్యం చేయకండి. పెద్దలను పిలవండి. 108కి ఫోను చేయించండి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఈ అంబులెన్సు సేవ నేడు పల్లెలకూ వస్తున్నది. "ఎలర్జీ వచ్చి ఊపిరి ఆడటం లేదు" అని స్పష్టంగా చెప్పించండి.

మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళ కింద బస్తానో దిండో పెట్టి ఎత్తుగా ఉంచండి. కాళ్ళలోని రక్తం గుండెకు చేరుతుంది. ఊపిరి బాగా ఇబ్బందిగా ఉంటే కాళ్ళు చాపి కూర్చోనివ్వండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి. ఒక్కటి మాత్రం మరవకండి: కొంచెం తేరుకున్నాడు కదా అని లేపి నిలబెట్టకండి, నడిపించకండి. రక్తపుపోటు కూలి ఉన్నప్పుడు ఒక్కసారిగా లేవడంతోనే గుండె ఆగిన సందర్భాలు ఉన్నాయి. బండి మీద నడుమ కూర్చోబెట్టి తీసుకుపోవడం కంటే పడుకోబెట్టి తీసుకుపోయే వాహనం మేలు.

మందు పడ్డాక రోగి చేతులు వణకవచ్చు, ముఖం పాలిపోవచ్చు, గుండె దడ అనిపించవచ్చు. చూసి భయపడకండి. కుక్క తరిమినప్పుడు మీకు కలిగేదీ ఇదే. కాసేపటికి తగ్గిపోతుంది. అయితే కొందరిలో ప్రమాదం కొన్ని గంటల తరువాత మళ్ళీ రావచ్చు. కనుక బాగున్నాడనిపించినా ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉంచాలి.

లెక్క చేసి చూడండి

1. ఒక పాప బరువు 15 కిలోలు. ఎనఫిలాక్సిస్‌లో ఆమెకు ఎన్ని మిల్లీగ్రాముల అడ్రినలిన్ కావాలి? 1:1000 ఆంప్యూలు నుంచి ఎన్ని మిల్లీలీటర్లు?

2. 1:10,000 మందు 10 మిల్లీలీటర్లు కావలసిన చోట, పొరపాటున 1:1000 మందు 10 మిల్లీలీటర్లు తీశారు. ఎన్ని మిల్లీగ్రాములు అధికం?

3. పళ్ళ డాక్టరు తిమ్మిరి మందులో రక్తం కారకుండా 1:80,000 పాళ్ళలో అడ్రినలిన్ కలుపుతారు. దాని ఒక మిల్లీలీటరులో ఎంత అడ్రినలిన్ ఉంటుంది?

జవాబులు: 1. 0.15 మిల్లీగ్రాము, 0.15 మిల్లీలీటరు. 2. కావలసినది 1 మిల్లీగ్రాము, తీసినది 10; కనుక 9 మిల్లీగ్రాములు అధికం. 3. 1000ని 80,000తో భాగిస్తే 0.0125 మిల్లీగ్రాము.

రెండో లెక్కను మరొకసారి చేయండి. మీలో రేపు నర్సులు, డాక్టర్లు, 108లో పనిచేసేవారు కాబోయేవాళ్ళు ఉన్నారు. ఆ లెక్క మీకు అప్పుడు పనికివస్తుంది.